ముద్రించవలెను

నాకన్నా ఒక్క ఏడాదే చిన్నదానివైనా నన్నెప్పుడూ బడికి పంపాల్సిన పిల్లాడిలా చూసే నీకు,

ఇక్కడ నేనూ, ఇల్లూ, కిటికీలో నీ మొక్కలూ క్షేమం. వంటింటి కుళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంది. అక్కడ నువ్వూ, వదినగారూ, ఆవిడ కొత్త తుంటి కీలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాసేస్తాను. లేకపోతే “అడిగినవి తప్ప అన్నీ చెబుతారు” అంటావు. తింటున్నాను, వేళకే తింటున్నాను. ఇస్త్రీ బట్టలు తెచ్చుకున్నాను. పైఅంతస్తు వాళ్ళకు తాళంచెవి ఇచ్చాను. నీలం చొక్కా బొత్తాం నేనే కుట్టుకున్నాను. నీలం దారం కనబడక తెల్లదారంతో కుట్టాను. ఎవరు చూస్తారులే అనుకున్నాను కానీ శాసనసభ కెమెరా దగ్గరగా పట్టి మరీ చూపించిందట.

ఆగు, నా బొత్తాం శాసనసభకు ఎందుకు వెళ్ళిందనే కదా? ఫోన్ చేద్దామని రెండుసార్లు తీశాను. “ఫోన్‌లో మీరు ఊఁ, ఆఁ తప్ప మాట్లాడరు, ఏదైనా ఉంటే రాయండి” అని నువ్వు బస్సెక్కేటప్పుడు చెప్పిన మాట గుర్తొచ్చి పెట్టేశాను. ఇది నిజంగా రాయాల్సిన సంగతే.

మన బిల్లు శాసనసభ కమిటీలో గెలిచింది! ఏడుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు. ఆ కమిటీ ముందు కూర్చుని మాట్లాడింది ఎవరనుకున్నావు? నేనే. పంపుహౌస్ మెకానిక్‌ని, మీ ఆయన్ని!

మొదటినుంచీ చెబుతాను. మా మురుగునీటి సంస్థలో పాలసీ విభాగమని ఒకటుంది. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో నాకూ ఆ సంగతి తెలియదు. వాళ్ళ పనల్లా ఏమిటంటే, శాసనసభలో ఏ బిల్లు వస్తోందో కనిపెట్టుకుని ఉండి, ప్రతి ఏడాదీ మూడు జాబితాలు తయారుచేస్తారు. మేం మద్దతిచ్చేవి, మేం వ్యతిరేకించేవి, ఇంకా తేల్చుకోక చూస్తూ ఉండేవి. మీ నాన్నగారు నన్ను చాలాకాలం ఆ మూడో జాబితాలోనే పెట్టారు, నీకు గుర్తుండే ఉంటుంది.

ఆ విభాగంలో కళ్ళజోడు పెట్టుకునే అమ్మాయి ఒకామె ఉంది. మేమంతా జాబితా మేడమ్ అంటాం. నిరుడు ఒకరోజు ఆమె నేరుగా మా పంపుహౌస్‌కి వచ్చింది. ముక్కు మూసుకోలేదు. నేను రెండో నంబరు పంపు విప్పి, లోపలి చక్రానికి చుట్టుకున్నదాన్ని కత్తితో కోస్తున్నాను. నువ్వెరిగిన వస్తువే, వెట్ వైప్స్. ఆ తడి తుడుపు కాగితాలు అసలు కాగితాలే కావు. పైపుల్లో ఒకదానికొకటి పెనవేసుకుని తాడవుతాయి, తాడు మోకవుతుంది, మోకు పంపు గొంతు నులుముతుంది. పంపు ఆగితే మురుగు వెనక్కి తన్ని ఎవరో ఒకరి స్నానాలగదిలో తేలుతుంది.

“బాబాయ్, మీ పని తేలిక కావాలంటే ఏం చట్టం చెయ్యాలంటారు?” అని అడిగింది.

అంతకుముందు నన్నెవరూ చట్టం గురించి అడగలేదు. కత్తి పక్కన పెట్టి అన్నాను, “పెద్ద చట్టాలెందుకమ్మా? ఆ ప్యాకెట్ మీద ‘టాయిలెట్లో వేయవచ్చు’ అని రాస్తున్నారు కదా. అది తీసేసి ‘వేయరాదు’ అని రాయించండి చాలు. పెద్ద అక్షరాల్లో, కళ్ళజోడు లేకపోయినా కనబడేట్టు.”

మా పంపుహౌస్ నత్త పక్కనే ఉన్నాడు. అదే, నడకను బట్టి ఆ పేరు వచ్చిందని చెప్పానే, అతను. పకపకా నవ్వాడు. “ఇదేం చట్టం? ఒక వాక్యం!” అన్నాడు. జాబితా మేడమ్ మాత్రం నవ్వలేదు, రాసుకుంది. ఆ వాక్యమే వాళ్ళ మొదటి జాబితాలో మొదటి వరసకెక్కింది. ఊళ్ళూళ్ళ మురుగునీటి సంస్థలన్నిటినీ ఆమె కూడగట్టింది. ఒక శాసనసభ్యురాలిని ఒప్పించి బిల్లు పెట్టించింది. ఇదంతా జరుగుతుంటే నేను మామూలుగానే పంపులు విప్పుకుంటున్నాను.

పోయిన నెల మళ్ళీ వచ్చింది. “కమిటీ ముందు మన సంస్థ తరఫున ఒకళ్ళు మాట్లాడాలి బాబాయ్. మా చీఫ్ ఇంజనీరుగారు లెక్కలు బాగా చెబుతారు. కానీ లెక్కలు వైప్స్ కంపెనీల దగ్గరా ఉన్నాయి. పంపులో చెయ్యి పెట్టినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. మీరు రావాలి.”

“నాకు మాట్లాడటం రాదు, మా ఆవిడ ఊళ్ళో లేదు” అన్నాను.

“ఆవిడకీ దీనికీ ఏంటి సంబంధం?”

“ఏదైనా మాట్లాడాలంటే మా ఇంట్లో ఆవిడే మాట్లాడుతుంది.”

నవ్వి, ఒక పేజీ చేతిలో పెట్టింది. మూడు నిమిషాల ప్రసంగం. అందులో “నిర్వహణా వ్యయభారం” అనే మాట దగ్గర నా నాలుక ప్రతిసారీ మడత పడేది. నాలుగు రోజులు అద్దం ముందు నిలబడి తంటాలు పడ్డాక ఆమే చెప్పింది, “పేజీ పారేసి మీరు నాకు చెప్పినట్టే చెప్పండి. తెలియనిది అడిగితే తెలియదనండి. అబద్ధం మాత్రం వద్దు. ఒక్క అబద్ధం దొరికితే బిల్లంతా పోతుంది.”

మొన్న మంగళవారం పొద్దున్నే రాజధానికి బయల్దేరాం. రెండుసార్లు స్నానం చేశాను, అయినా బస్సులో నా చేతులు నేనే వాసన చూసుకుంటూ కూర్చున్నాను. దారంతా ఆమె ఒక కాగితం మీద ఒకే మాట చుట్టూ గీతలు గీస్తోంది. ఏమిటమ్మా అని అడిగితే చూపించింది. మన బిల్లులో “ప్యాకెట్ మీద ముద్రించవలెను” అని ఉంది. కంపెనీల సంఘం దాన్ని “ముద్రించవచ్చును” అని మార్చమని సవరణ తెచ్చింది.

“అంతే తేడానా?” అన్నాను.

“అంతే తేడా. వలెను అంటే చట్టం, వచ్చును అంటే సలహా. ఆ రెండు మాటల మధ్యే బాబాయ్ నా ఉద్యోగమంతా.”

శాసనసభ లోపల తివాచీ ఎంత మెత్తగా ఉందంటే నా బూట్ల చప్పుడు నాకే వినబడక, నడుస్తున్నానో లేదో అనుమానం వచ్చింది. గది మాత్రం నేననుకున్నంత పెద్దది కాదు. అర్ధచంద్రాకారంలో ఒక బల్ల, వెనక పదకొండు మంది, ఒక్కొక్కరి ముందూ మంచినీళ్ళ గ్లాసు. ఎదురుగా మనకో చిన్న బల్ల, మైకు. అధ్యక్షురాలు తెల్లజుట్టావిడ. రాజకీయాల్లోకి రాకముందు బడిలో హెడ్‌మిస్ట్రెస్ అట. ఎవరైనా మధ్యలో మాట్లాడితే కళ్ళజోడు పైనుంచి చూస్తుంది, అంతే, నోళ్ళు వాటంతటవే మూతబడతాయి.

ముందు కంపెనీల లాయరు మాట్లాడాడు. మంచివాడేనే పాపం, బయట నాకు తన కుర్చీ ఇచ్చాడు. బల్ల దగ్గర మాత్రం పట్టులాంటి మాటలు. సభ్యులందరికీ తలో వైప్ పంచి, “చూడండి, ఎంత మెత్తగా ఉందో. ఇది పంపును ఆపుతుందంటే నమ్ముతారా?” అన్నాడు. అందరూ తడిమి చూస్తున్నారు.

నా వంతు వచ్చింది. కూర్చోగానే తెచ్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “అమ్మా, అది మీ గ్లాసులో వెయ్యండి.”

వెనక జాబితా మేడమ్ ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది.

“ఏమన్నారు?” అంది అధ్యక్షురాలు.

“మీ చేతిలోది ఆ నీళ్ళ గ్లాసులో వెయ్యండమ్మా. పక్క గ్లాసులో మామూలు టాయిలెట్ పేపరు ముక్క వెయ్యండి. పెన్సిల్‌తో కలుపుతూ ఉండండి. నేను చెప్పాల్సింది అవే చెబుతాయి.”

ఆవిడ ఒక్క క్షణం నావైపు చూసి, బంట్రోతును పంపి పేపరు తెప్పించింది. నేను పంపుల గురించి చెబుతున్నంతసేపూ కలుపుతూనే ఉంది. మూడు నిమిషాలు అయ్యేసరికి ఒక గ్లాసులో పాలవిరుగుడులాంటి తెల్లనీళ్ళు. రెండోదాంట్లోంచి పెన్సిల్ పైకెత్తితే వైప్ చెక్కుచెదరకుండా దానికి వేలాడుతోంది. ఆవిడ అది లాయరుకు కనబడేట్టు అలాగే పట్టుకుంది.

సవరణ మీద చర్చ వచ్చినప్పుడు ఆవిడ అన్నమాట వినాలి నువ్వు. “నేను ముప్పై ఏళ్ళు బళ్ళో పనిచేశాను. ‘హోంవర్క్ చేయవచ్చును’ అని ఏ రోజూ బోర్డు మీద రాయలేదు.” గదంతా నవ్వింది. లాయరు కూడా నవ్వాడు. సవరణ వీగిపోయింది. ఆ తర్వాత బిల్లుకు చేతులెత్తారు. నేను ఏడు లెక్కపెట్టి, నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాను. జాబితా మేడమ్ వసారాలోకి వచ్చి, అంత చదువుకున్న పిల్ల, రెండు పిడికిళ్ళూ బిగించి గాల్లోకి ఎగిరింది! ఇంకా సభ మొత్తం ఓటు వెయ్యాలి, అది వచ్చే నెల. కమిటీ దాటినవి సాధారణంగా ఆగవంటోంది. బస్సులోనే వచ్చే ఏడాది జాబితా మొదలుపెట్టింది. “ఇంకేం రాయించమంటారు బాబాయ్?” అంటే, వంటనూనె డబ్బాల మీద కూడా ‘వాడిన నూనె సింకులో పోయరాదు’ అని ఒక వాక్యం రాయించాలమ్మా అన్నాను.

ఇంతవరకూ వదినగారికి గట్టిగా చదివి వినిపించు. ఆవిడకు నవ్వొస్తే కుట్లు కదులుతాయేమో చూసుకో. ఇక్కడినుంచి మాత్రం నీలోనే చదువుకో.

నేను నీకు ఒక సంగతి దాటవేసి రాశాను. నా మూడు నిమిషాలకూ, ఓటుకూ మధ్య ఒక ప్రశ్న వచ్చింది. పెద్దమీసాల సభ్యుడొకాయన మైకు దగ్గరకు లాక్కుని అడిగాడు:

“మెకానిక్‌గారూ, గ్లాసు సంగతి బానే ఉంది. కానీ తెలివున్నవాళ్ళెవరైనా ఇలాంటివి టాయిలెట్లో వేస్తారా? అజాగ్రత్త మనుషుల కోసం చట్టమెందుకు? మీ ఇంట్లో వేస్తారా మీరు?”

లేదండీ అంటే అయిపోయేది. ఆయన ఎదురుచూసిందీ అదే. నిజానికి నాలుక చివరిదాకా వచ్చింది. ఈ నాలుగేళ్ళుగా మన ఇంట్లో ఆ ప్యాకెట్లే లేవు కదా. కానీ అబద్ధం వద్దన్న మాట చెవిలో ఉంది, అంతకన్నా ముందు నువ్వు కళ్ళముందు కనిపించావు.

“వేశామండీ” అన్నాను. “మూడేళ్ళు.”

అవునే, మన ఇంట్లోనే. అమ్మ మంచం పట్టిన మూడేళ్ళూ. నువ్వు కుట్టుపని మానేసి, ఆమెను పసిపిల్లలా తుడిచి, తిప్పి, బట్టలు మార్చిన మూడేళ్ళూ. రోజుకు ఒక ప్యాకెట్ అయిపోయేది. నువ్వు దాని మీద ఉన్నది చదివే వేశావు. కొన్న మొదటిరోజు ఆ వాక్యం నాకు పైకి చదివి, “హమ్మయ్య, ఒక పని తగ్గింది” అన్నావు. నాకది నిన్నటిలా గుర్తుంది.

మా పంపుహౌస్‌లో నేను కోస్తున్నవి అవేనని నాకు ఆరోజే తెలుసు. చెప్పలేదు. ఇదీ నేను ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచింది. ఇంకొకటి కూడా ఉంది. కింది అంతస్తు టీచరుగారి స్నానాలగదిలోకి మురుగు పొంగింది గుర్తుందా? నువ్వు చీపురు పట్టుకుని ఆమెకు సాయానికి దిగావు. నేను పైపు శుభ్రంచేసి, చెట్టు వేళ్ళు అడ్డుపడ్డాయని చెప్పాను. వేళ్ళు కావు. పైపులోంచి వచ్చిన ఆ చుట్టను గోనెసంచిలో చుట్టి మీ ఎవరి కంటా పడకుండా పట్టుకుపోయాను. ఇంటి ఓనరు ఆ చెట్టు కొట్టించేస్తానని గొడ్డలివాడిని పిలిస్తే, దాని ప్రాణం కాపాడటానికి రెండు వారాలపాటు వేళ్ళకు మందు వేస్తున్నట్టు నటించాను. నువ్వు నవ్వుతావో తిడతావో తెలియదు. రెండూ చెయ్యి.

మీసాలాయన వదల్లేదు. “మీకు తెలుసు కదా. మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదు?” అన్నాడు.

నేను చెప్పిన జవాబు ఇది. అచ్చు ఇలాగే రికార్డులో ఉంది:

“మా ఆవిడ నాకన్నా తెలివైందండీ. అజాగ్రత్త మనిషి కాదు. ప్యాకెట్ మీద ఏం రాసుందో చదివి, అదే చేసింది. నేను కొడుకుని, మా అమ్మకి నేను చెయ్యలేని పని ఆవిడ చేసేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు ఖాళీ ఉండేవి కావు. అవి బకెట్లో వేసి, మూటకట్టి, కిందకి మోసుకెళ్ళి పడెయ్యమని ఇంకో పని చెప్పడానికి నాకు నోరు రాలేదండీ. ఇంట్లో చెప్పలేక, మర్నాడు పంపులోంచి నేనే తీసుకునేవాణ్ణి. ఆ ఒక్క మాట ప్యాకెట్ చెప్పుంటే నేను చెప్పాల్సిన పనుండేది కాదు.”

మీసాలాయన బిల్లుకు వ్యతిరేకంగానే చెయ్యెత్తాడు. కానీ ఓటు అయ్యాక వసారాలో నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, “మా అమ్మగారు కూడా మంచం మీదే ఉన్నారండీ. మరి వాటిని ఎక్కడ పడెయ్యాలి?” అని అడిగాడు. మూతున్న చెత్తబుట్టలో అని చెప్పాను. జేబులోంచి పెన్ను తీసి చేతిమీద రాసుకున్నాడు.

అధ్యక్షురాలు కూడా గది దాటేముందు ఆగింది. “మీ ఆవిడకి మా తరఫున క్షమాపణ చెప్పండి. ఆ వాక్యం ఇన్నేళ్ళు అక్కడ ఉండనిచ్చింది మేమే” అంది. శాసనసభ నుంచి నీకు క్షమాపణ వచ్చింది. మన రెండు కుటుంబాల్లోనూ ఇంకెవరికీ రాలేదు, వదినగారికి ఇదొక్కటి చెప్పుకోవచ్చు.

ఇప్పుడు అసలు పని. నా మాటలన్నీ అచ్చువేసి సభ గ్రంథాలయంలో పెడతారు. దానికి ముందు నకలు నాకు పంపారు. పది రోజుల్లోగా చూసి, వద్దనుకున్నవి కొట్టేసి, సంతకం పెట్టి పంపవచ్చు. జాబితా మేడమ్ కనుక్కుంది, ఓటు అయిపోయింది కాబట్టి ఏం కొట్టేసినా బిల్లుకు ఏమీ కాదట. ఆ పేజీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నీ గురించి ఉన్న చోట పెన్సిల్‌తో గీత పెట్టాను. మన ఇంటి నాలుగు గోడల సంగతి నలుగురూ చదవడం నీకు ఇష్టంలేకపోతే ఒక్క మాట రాయి, కొట్టేస్తాను. మీసాలాయన ప్రశ్నకు జవాబు లేని ఖాళీ ఉంటుంది, ఉండనీ. నిన్నడక్కుండా ఒకసారి మాట్లాడాను, రెండోసారి మాట్లాడను.

ఇదంతా రాయడానికి కూర్చున్నాక నాకొకటి తట్టింది. పంపులూ, చెట్టు వేళ్ళూ దాచినందుకు కాదు నేను సిగ్గుపడాల్సింది. ముఖం తెలియని పదకొండు మంది ముందు మైకులో అంత తేలిగ్గా చెప్పిన మాట, అమ్మకి నేను చెయ్యలేనిది నువ్వు చేశావన్న మాట, ఏడేళ్ళలో ఒక్కసారైనా నీతో చెప్పలేదు. నువ్వు అమ్మను చూసుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. నువ్వు తలెత్తితే “టీ పెట్టనా?” అనేవాణ్ణి. ఆ మూడేళ్ళలో నేను పెట్టిన టీలన్నిటికీ అర్థం అదే.

ఇట్లు,
కుళాయి ఈ ఆదివారం తప్పకుండా బాగుచేసే
నీ ఇంటాయన